మూతి లేని సీసా

లాయరు గుడ్డసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన వస్తువును చూసి సీసాలాయనకు నవ్వొచ్చింది. సగం విరిగిన సోడా సీసా. మెడ లేదు, మూతి లేదు. భుజాల దగ్గర గాజు కోరల్లా లేచి ఉంది. ఒంటికి పట్టిన మట్టి ఇంకా వదల్లేదు.

"దీనికోసం ఇంత దూరం వచ్చారా? ఫోన్లో అడిగినా చెప్పేవాణ్ణిగా!"

"మీరు చేత్తో పట్టుకుని చెబితే వేరు సార్. కాగితం మీద రాసిస్తే ఇంకా వేరు," అన్నాడు లాయరు.

సీసాలాయన గడియారాలు బాగు చేసే పని మానేసి పదేళ్ళు దాటినా, కంటికి బిగించుకునే చిన్న అద్దం మాత్రం చొక్కా జేబులోనే ఉంటుంది. అది తీసి పక్కన పెట్టి, ముందు సీసాముక్కను పళ్ళెంలోని నీళ్ళలో ముంచాడు. మెత్తటి కుంచెతో రుద్దాడు. మట్టి కరిగి, లేతాకుపచ్చ గాజు బయటపడింది. అడుగు పైకి తిప్పాడు. మధ్యలో అయిదు కోణాల చుక్క, చిటికెనవేలి గోరంత. అద్దం అవసరమే రాలేదు.

"చుక్క గుర్తు! పంతొమ్మిదొందల అరవై ఒకటి, ఆ తరవాత."

"అంత ఖచ్చితంగా?"

ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టు సీసాలాయన లేచి పక్క గది తలుపు తీశాడు. నాలుగు గోడలకూ చూరుదాకా అరలే. సోడా సీసాలు, రంగునీళ్ళ సీసాలు, అన్నిటి మెడలకూ దారంతో కట్టిన అట్టముక్కల మీద ముత్యాల్లాంటి అంకెలు. రెండు సీసాలు తెచ్చి లాయరు ముందు పెట్టాడు.

"సీసాని రెండు చెక్కల అచ్చులో పోస్తారండీ. చెక్కలు కలిసే చోట గీత పడుతుంది, మన బనీనుకి పక్క కుట్టులాగ. ఇదిగో, గోరుతో చూడండి. పాతకాలం పనిలో మూతి వేరే. అచ్చులోంచి తీశాక, వేడి గాజు చుట్టి చేత్తో తిప్పుతారు. ఆ తిప్పడంలో గీత చెరిగిపోతుంది. అందుకని మెడ దాకా వచ్చి ఆగుతుంది. మిషన్ సీసాకి ఆగదు, మూతి మీదనించి దూకి అవతలికి పోతుంది. మీ కంపెనీవాళ్ళు కొన్న ఆ సోడా ఫ్యాక్టరీ మిషన్ సీసాలు తెప్పించింది అరవై ఒకటిలో. ఆర్డరు కాగితం నా దగ్గరుంది. అంతకుముందు సీసాల అడుగు నున్నగా ఉండేది. నా దగ్గర చుక్కవి నలభై మూడున్నాయి. నలభై మూడూ మిషన్‌వే."

"అయితే ఇది యాభై అయిదుకి ముందుది అయ్యే అవకాశం..."

"లేదు."

"ఆ ముక్కే రాసివ్వండి సార్. సీసాల మీద మీరు రాసిన పుస్తకంలో పేజీ నంబరు కూడా వెయ్యండి."

పది నిమిషాల్లో రాసిచ్చాడు. లాయరు కాగితాన్ని రెండుసార్లు చదివి, తడి ఆరేదాకా ఊది, మడవకుండా అట్టల మధ్య పెట్టుకున్నాడు. కొత్తగా కట్టబోయే భవనంలో కింది అంతస్తులో ఒక గది పాత ఫ్యాక్టరీ గుర్తుగా ఉంచుదామని కంపెనీవాళ్ళు అనుకుంటున్నారనీ, ఈ సీసాలన్నీ అక్కడ అద్దాల బీరువాల్లో ఉంటే, ద్వారం మీద ఈయన పేరుంటే ఎంత బాగుంటుందోననీ, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అన్నాడు.

ఖాళీ కప్పులు తీయడానికి వచ్చిన భార్య అడిగింది. "ఇంతకీ ఆ ముక్క ఎక్కడ దొరికిందట?"

"ఫ్యాక్టరీ గోడ వెనక ఇళ్ళ వరుసుంది చూడు, అక్కడ కాలవ తవ్వుతుంటే చివరింటి నేల కింద దొరికిందట. యాభై అయిదుకి ముందునించీ ఉన్న ఇళ్ళైతే కదల్చకూడదని నిబంధన. తరవాత కట్టినవైతే ఖాళీ చేయించవచ్చు."

"అయితే వాళ్ళనిప్పుడు..."

"నేను సీసా సంగతి చెప్పాను. ఇళ్ళ సంగతి నాకేం తెలుసు?" అన్నాడాయన.

ఆవిడ బల్ల మీద పడిన మట్టి తుడిచి, గుడ్డ దులుపుకుని లోపలికి వెళ్ళింది.

*

మూడో రోజు పొద్దున ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయినట్టుంది, అలాగే వేలాడుతోంది. చేతిలో లైబ్రరీ ముద్ర ఉన్న ఆయన పుస్తకం.

"సీసాల మీద రాసింది మీరేనా సార్?"

ఎవరో చదివే మనిషి దొరికిందనుకుని ఆయన మొహం విప్పారింది. లోపలికి రమ్మని కుర్చీ జరిపాడు. ఆ అమ్మాయి కూచోలేదు.

"మాది గోడ వెనక చివరిల్లు. బట్టలు కుడతాను. ఖాళీ చెయ్యమని నిన్న నోటీసు అంటించారు, పదకొండిళ్ళకీ. రేపే విచారణ. కింద మీ ఉత్తరం నకలు పెట్టారు." పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "ముందుమాటలో మీరే రాశారు. 'మూతి చూడకుండా సీసా వయసు చెప్పకూడదు. అలా చెప్పేవాణ్ణి నమ్మకూడదు.' మరి మా ఇంట్లోంచి తీసుకెళ్ళిన ముక్కకి మూతి ఏది సార్?"

సీసాలాయన ఆ పేజీ తనవైపు తిప్పుకున్నాడు. "చుక్క ఉంటే మూతితో పనిలేదమ్మా," అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవికే పేలవంగా వినిపించింది.

"మా అమ్మమ్మ మిమ్మల్ని ఒకసారి రమ్మంది. సోడా ఫ్యాక్టరీలో సీసాలు కడిగిన మనిషి. నేల కింద ఇంకో రెండు వందలున్నాయట, ఒక్కటీ పగలనివి. వచ్చి చూసుకోమంది."

తగువులోకి వెళ్ళడం ఎందుకని నోటిదాకా వచ్చింది. కానీ రెండు వందలన్న మాట ఆయన్ని నిలవనివ్వలేదు. మట్టి తాకని అరల్లోనే చుక్క సీసాను చూశాడు గాని, వాడినవాళ్ళు పెట్టిన చోటే ఉన్న సీసాను ఎన్నడూ చూడలేదు. కుంచె, కంటి అద్దం, పాత తువ్వాలు సంచిలో వేసుకుంటుంటే భార్య వంటింట్లోంచి చూసింది. "అన్నం వేళకి వస్తారా, లేక ఆ నేల కిందే ఉండిపోతారా?" అంది.

*

ఆ ఇల్లు ఒక్కటే గది. కిటికీ కింద కుట్టు మిషను, దాని చుట్టూ రంగురంగుల పీలికలు. నేలంతా పలకరాళ్ళు. పొయ్యి పక్క మూలలో రెండు రాళ్ళు ఎత్తి గోడకు ఆనించి ఉన్నాయి. ఆ గుంత పక్కనే చిన్న పీట మీద ముసలావిడ కూచుని ఉంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. ఒళ్ళు చిక్కిపోయింది గాని చేతులు పెద్దవి, వేళ్ళ కణుపులు ముడులు కట్టి ఉన్నాయి.

"రా నాయనా, కూచో. బట్టలకి మట్టవుతుంది, చూసుకో," అంది.

ఆయన తువ్వాలు పరుచుకుని మోకాళ్ళ మీద కూచున్నాడు. గుంతలో ఇసక. ఇసకలోంచి పక్కపక్కనే గుండ్రటి గాజు అడుగులు వరసలుగా తేలి ఉన్నాయి, ప్రతి దానికీ మధ్యలో చుక్క. కిటికీలోంచి ఎండ వచ్చి పడిన చోట ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

"తలకిందులుగా పెట్టామా, మెడ ఇసకలో కూరుకుంటుంది," అంది ముసలావిడ. "ఇక్కడంతా చెమ్మ. ఉత్తి మట్టిలో పడుకుంటే పిల్లలు దగ్గి దగ్గి చచ్చేవాళ్ళు. సీసాలు పేర్చి పైన రాయి పరిస్తే చెమ్మ పైకి రాదని మా నాన్న కనిపెట్టాడు. మొన్న కంపెనీవాళ్ళు పక్కనించి గునపం వేశారు. అడుగులు ఊడి వాళ్ళకి చిక్కాయి. మూతులు మాకు మిగిలాయి."

సీసాలాయన ఒక సీసా చుట్టూ వేళ్ళతో ఇసక తోడాడు. తొందరపడలేదు. గడియారంలోంచి జుట్టంత స్ప్రింగు తీసేటప్పటిలాగే ఊపిరి బిగబట్టి, అటూ ఇటూ సన్నగా తిప్పుతూ పైకి తీశాడు. ఎక్కడా గీత పడలేదు. గాజులో సన్నటి బుడగలు. తువ్వాలుతో తుడిచి, అలవాటు కొద్దీ బొటనవేలి గోరును అచ్చు గీత మీద పెట్టి కిందనించి పైకి జరుపుకుంటూ వెళ్ళాడు. పొట్ట, భుజం, మెడ. మెడ పైన గీత లేదు.

గోరు జారిందేమోననుకున్నాడు. రెండోవైపు చూశాడు. అక్కడా మెడ దగ్గరే ఆగిపోయింది. అద్దం కంటికి బిగించి మూతి చుట్టూ చూశాడు. తిప్పిన చారలు అడ్డంగా, స్పష్టంగా కనిపించాయి. మూతి ఒక పక్కకు కాస్త వంగి కూడా ఉంది, చేతిపనిలో ఉండేట్టు.

ఇంకోటి తీశాడు. ఇంకోటి. ఏడు తీశాడు. ఏడింటికీ చుక్క ఉంది, ఏడు మూతులూ చేత్తో తిప్పినవే.

"ఇవి ఎప్పటివమ్మా?" అన్నాడు చివరికి.

"యాభై రెండు. కొత్త గాజు బట్టీవాడెవడో చవగ్గా చేసిచ్చాడు. వాడి గుర్తే ఆ చుక్క. యజమానికి నచ్చింది, తరవాత మిషన్ సీసాలక్కూడా అదే పెట్టించుకున్నాడు. కానీ ఈ సరుకు మంచిది కాదు నాయనా. గాజు సరిగ్గా చల్లార్చలేదట. గ్యాసు పడుతుంటే ఢామ్మని పేలేవి. పట్టేవాడి మొహానికి తీగల ముసుగుండేది. సీసాలు అందించే ఆడపిల్లకి ముసుగెందుకు? మా అక్క అందించేది. పదిహేనేళ్ళు దానికి. నేను తొట్టి దగ్గరున్నాను. చప్పుడు విని తల తిప్పేసరికి కన్ను పట్టుకుని కూచుండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి..." ముసలావిడ చేత్తో గాలిలో ఏదో తుడిచింది. "అది తప్పుగా పట్టుకుందని రాశారు. మర్నాడు ఆ సరుకంతా పెరట్లో పారబోయించారు, ఎక్కడా అనొద్దన్నారు. మేం తట్టల్లో మోసుకొచ్చుకున్నాం. ఇంటింటి నేల కిందా ఇవే."

మనవరాలు మిషను దగ్గర నిలబడి టేపును వేలికి చుట్టుకుంటోంది.

"మీ పుస్తకంలో రాశారట కదా, ఈ ఫ్యాక్టరీ సీసా పేలిన దాఖలా ఒక్కటీ లేదని. మా పిల్ల చదివి వినిపించింది," అంది ముసలావిడ. కోపం లేదు ఆ గొంతులో. "నిజమే నాయనా. దాఖలా ఎలా ఉంటుంది? దాని మీదేగా ఇన్నాళ్ళూ పడుకున్నాం."

సీసాలాయన ఒక సీసా సంచిలో పెట్టుకోవచ్చా అని అడిగాడు. ఆవిడ సరేనంది. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. అమ్మాయి చెయ్యి అందించింది.

*

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చుక్క సీసాలు నలభై మూడూ దింపి నేల మీద వరసగా పెట్టాడు. ఒక్కొక్కటే తీసి గోరుతో మూతి దాకా చూశాడు. అన్నిటికీ గీత దూకి అవతలికి పోయింది. తప్పు లెక్కలో లేదు. బజారుకెళ్ళిన సీసాలే పాతసామాను కొట్లకొచ్చాయి, కొట్లకొచ్చినవే తన అరలకెక్కాయి. బజారుకెళ్ళకుండా నేల కింద దాగిన సీసాలు ఉంటాయన్న ఊహ తనకు రాలేదు.

లాయరుకు ఫోను చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

లాయరు చివరిదాకా విన్నాడు. "రేపు విచారణకి మీరు రానక్కర్లేదు సార్. మీ ఉత్తరం చాలు."

"ఆ ఉత్తరం తప్పండీ."

"తప్పని ఇంకెవరికి తెలుసు? సీసాల గురించి పుస్తకం రాసింది మీరొక్కరే. ఆ ముసలావిడకి సంతకం కూడా రాదు. ఆలోచించుకోండి. గది ప్లాను నిన్ననే గీయించారు. మీ పేరు అక్షరాలు ఇత్తడివి పెడదామంటున్నారు."

ఫోను పెట్టేశాక ఆయన అలాగే సీసాల మధ్య కూచున్నాడు. భార్య వచ్చి, కాలు పెట్టే చోటు లేక గుమ్మంలోనే ఆగింది.

"ఏమైంది?"

చెప్పాడు. చుక్క సంగతి, ముసలావిడ అక్క సంగతి, గది సంగతి. చెబుతుంటే మాటల మధ్య తనకే అర్థమైంది, అన్నిటికంటే ఎక్కువసేపు చెబుతున్నది గది గురించేనని.

"ఇరవై ఏళ్ళ పని," అన్నాడు. "రేపు పదిమందిలో లేచి, నేను రాసింది తప్పని నేనే చెప్పాలి. ఆ తరవాత మిగతా పేజీలు మాత్రం ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే మానేస్తారు," అంది ఆవిడ. "ఇరవై ఏళ్ళుగా వీటి మధ్య కాపురం చేస్తున్నాను. మీరు తప్పు చెబితే నాకు తెలిసేదీ కాదు, మీరు ఒప్పు చెబితే తెలిసేదీ కాదు. కానీ పొద్దున వెళ్ళిన మొహం వేరు, వచ్చిన మొహం వేరు. ఈ మొహంతో ఇంట్లో తిరిగితే నేను భరించలేను." సీసాలు రెండు పక్కకు జరిపి దారి చేసుకుని లోపలికొచ్చింది. "ఇక కొత్త గదంటారా, ఉన్నవే ఊడవలేక చస్తున్నాను. లేవండి, అన్నం చల్లారిపోయింది."

*

విచారణ గది ఇరుకుగా ఉంది. బెంచీలు చాలక పదకొండిళ్ళవాళ్ళూ గోడల వెంట నిలబడ్డారు. అధికారి కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని కాగితాలు తిరగేస్తున్నాడు. సీసాలాయన ముసలావిడ పక్కన కూచుని ఉండటం చూసి లాయరు మొహం ఒక్క క్షణం మారింది, మళ్ళీ సర్దుకున్నాడు.

లాయరు ఉత్తరం చదివాడు. పుస్తకంలో నలభై ఒకటో పేజీ చదివాడు. "ఈ విషయంలో ఇంతకు మించిన ప్రమాణం లేదండీ. రాసినవారు ఇక్కడే ఉన్నారు," అన్నాడు.

"మీరేనా?" అన్నాడు అధికారి.

సీసాలాయన లేచాడు. రాత్రంతా మనసులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"రాసింది నేనేనండీ. తప్పు రాశాను."

గోడల వెంట చిన్న కదలిక. అధికారి కళ్ళజోడు కిందికి దించాడు.

"ఉత్తరమా, పుస్తకమా?"

"రెండూనండీ. మూతి లేని సీసాకి తేదీ వేశాను. అది మొదటి తప్పు." సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చివరింటి నేల కింద నా చేత్తో తీశాను. మీరు ఒకసారి గోరుతో ఈ గీత వెంట పైకి వెళ్ళండి."

అధికారి ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, సీసా ఎడంచేత్తో పట్టుకుని గోరు పెట్టాడు. జరిపాడు. ఆగాడు. వెనక్కొచ్చి మళ్ళీ జరిపాడు.

"ఇక్కడ లేదు."

"లేదండీ. చేత్తో తిప్పిన మూతి. అరవై ఒకటి తరవాత ఆ ఫ్యాక్టరీ ఇలాంటిది ఒక్కటీ కొనలేదు. అంటే చుక్క గుర్తు అంతకుముందే ఉంది."

లాయరు లేచాడు. "ముందు అంటే ఎంత ముందండీ? అరవై కావచ్చు, యాభై తొమ్మిది కావచ్చు. యాభై అయిదుకి ముందుదేనని ప్రమాణం చేసి చెప్పగలరా?"

గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు. అవునంటే సరిపోతుంది. ముసలావిడ కూడా తల తిప్పి చూసింది. సీసాలాయన నుదురు తుడుచుకున్నాడు.

"చెప్పలేను. నిన్నటిదాకా తెలియనిది తెలుసని చెప్పబట్టే ఇంతదాకా వచ్చింది. యాభై రెండని ఈ పెద్దావిడ చెబుతోంది. ఆ సరుకు పేలి వాళ్ళక్కకి కన్ను పోయిందని చెబుతోంది. కాదనడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. ఆవిడ సీసాలు కడిగింది. నేను అట్టముక్కలు కట్టాను."

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. తరవాత ముసలావిడను పిలిచి పక్క కుర్చీలో కూచోబెట్టి, ఆవిడ చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే రాయించాడు. అక్క పేరు కూడా అడిగాడు. చెప్పాక, సరిగ్గా రాశారో లేదో చదవమంది. గుమాస్తా చదివాడు. ఇంకోసారి చదవమంది.

ఉత్తరాన్ని కొట్టివేశామనీ, ఇళ్ళు యాభై అయిదు తరవాతవని కంపెనీ వేరే విధంగా రుజువు చేసుకునేదాకా ఎవరినీ కదల్చకూడదనీ మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. సీసా ఆధారం కింద ఆఫీసులోనే ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే లాయరు ఎదురయ్యాడు గాని పలకరించలేదు. గది మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

*

ఆదివారం నాడు సీసాలాయన మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు, ఎత్తిన రాళ్ళు ఇంకా గోడకే ఆనించి ఉన్నాయని తెలిసి. ముసలావిడ పీట మీదనించి చెబుతుంటే ఇసక సమంగా సర్ది, కడిగి ఆరబెట్టిన ఆరు సీసాలనూ ఒక్కొక్కటే తలకిందులుగా దించాడు. చేత్తో తిప్పిన మూతి ఉన్న చుక్క సీసా ఆయన అరల్లో ఒక్కటీ లేదు. ఒకటి ఉంచుకోమని అమ్మాయి రెండుసార్లు అంది. ఆయన తల అడ్డంగా ఊపి, మెడ చుట్టూ ఇసక అదిమాడు.

ఆరు పెట్టాక ఒక గుంట మిగిలింది. ఆఫీసులో ఉండిపోయిన దాని చోటు.

"ఖాళీ వదిలితే రాయి కుంగుతుంది," అంది ముసలావిడ.

సంచిలోంచి తన నలభై మూడింట్లో ఒకటి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తిప్పి చుక్క చూసింది. ముడులు కట్టిన బొటనవేలితో గీత వెంట పైకి పోయి, మూతి దాటి, అవతలికి దిగింది.

"ఇది మిషన్‌ది."

"మిషన్‌దే."

"పరవాలేదులే. కింద ఎవరు చూస్తారు?" అని తిరిగి ఇచ్చింది.

సీసాలాయన దాన్ని గుంట మీద పట్టుకుని ఆగాడు. ఇంకో అరవై ఏళ్ళకు ఎవరో ఈ రాయి ఎత్తుతారు. మిషన్ సీసా చూసి, ఈ నేల అరవై ఒకటి తరవాతదని రాసుకుంటారు. తనలాంటివాడే ఎవడో.

చొక్కా జేబులో వెతికి వజ్రపు మొన ఉన్న చిన్న సూది తీశాడు. గడియారం బాగు చేసి ఇచ్చిన ప్రతిసారీ వెనక మూత లోపల, పెట్టుకున్నవాళ్ళకు కనిపించని చోట, తేదీ గీయడం ఆయన పని పద్ధతి. ఆ తరవాత విప్పేవాడికి అది కావాలి. సీసాను ఒళ్ళో పెట్టుకుని, అద్దం కంటికి బిగించి, భుజం దగ్గర నిదానంగా ఆ రోజు తేదీ గీశాడు. గాజు పొడి సన్నగా వేలికి అంటింది. తేదీ కింద ఒక్క మాట గీశాడు.

"ఏం రాశావు నాయనా?" అంది ముసలావిడ.

"మరమ్మతు అని."

ఆవిడ చెయ్యి చాచి ఆ గీతలను వేలితో తడిమింది. తరవాత ఆయన సీసాను తలకిందులు చేసి గుంటలోకి దించాడు. ఇద్దరూ కలిసి చుట్టూ ఇసక పోశారు. అమ్మాయి ఒక పక్కా, ఆయన ఒక పక్కా పట్టుకుని రాయి దించారు. ముసలావిడ పీట మీదనించి లేచి, దాని మీద నిలబడి, మడమతో రెండుసార్లు తొక్కి చూసింది.

"కదలటం లేదు," అంది.